బ్రేకు పెడల్ మెత్తబడిందా? ఎయిర్ తీయించే ముందు ఇవి చూడండి

పాత మారుతి 800 కానివ్వండి, ఓమ్ని, అంబాసిడర్, జీపు కానివ్వండి, "బ్రేకు మెత్తగా ఉంది" అని షెడ్డుకు తీసుకెళ్తే ముందుగా జరిగే పని ఒకటే. నాలుగు చక్రాలకూ ఎయిర్ తీసి, అంటే బ్లీడింగ్ చేసి పైపుల్లోని గాలి వదిలి, డబ్బాలో బ్రేక్ ఆయిల్ నింపి పంపేస్తారు. వారం పది రోజులు బాగుంటుంది, తర్వాత మళ్ళీ మొదటికొస్తుంది. ఎయిర్ తీయడం తప్పని కాదు. కానీ మూసి ఉన్న పైపుల్లోకి గాలి దానంతటది రాదు. వచ్చిందంటే ఎక్కడో దారి ఉన్నట్టే, ఆ దారిని వెతకాలి. పైగా చాలా పాత బండ్లలో పెడల్ మెత్తబడటానికి గాలికి సంబంధమే ఉండదు. ముందే ఎయిర్ తీసేస్తే చేతికి దొరికే ఆధారాలన్నీ పోతాయి. డబ్బాలో ఆయిల్ ఎంత పడిందో, ఏ గదిలో పడిందో, ఏ రంగులో ఉందో ఆ తర్వాత చెప్పలేం. అందుకే పానా పట్టుకునే ముందు కాలితోనే చూడాల్సింది చాలా ఉంది.

మెత్తగా ఉందన్న ఫిర్యాదు కింద మూడు వేర్వేరు జబ్బులు వస్తాయి. ఒకటి, పెడల్ చాలా దూరం ఖాళీగా కిందికి పోయి, అక్కడ గట్టిగా ఆగుతుంది. రెండు, పైనుంచే పట్టుకుంటుంది కానీ ఎంత తొక్కితే అంత స్ప్రింగులా లోపలికి పోతుంది. మూడు, మొదట గట్టిగానే ఆగుతుంది, కాలు అలాగే ఉంచితే మెల్లమెల్లగా కిందికి దిగిపోతుంది. మొదటిది చాలావరకు చక్రాల దగ్గర ఖాళీ. రెండోది గాలి, లేదా ఎక్కడో ఏదో వంగుతోంది. మూడోది ఆయిల్ తప్పించుకుపోతోంది.

ఇంజిన్ ఆపి, పెడల్‌ను ఐదారు సార్లు తొక్కి బూస్టర్‌లోని (ఇంజిన్ పీల్పుతో కాలి బలానికి సాయపడే భాగంలోని) వాక్యూమ్‌ను ఖాళీ చేశాకే ఈ మూడింటిలో ఏదో తేల్చుకోవాలి. వాక్యూమ్ సాయం ఉంటే కాలికి అసలు సంగతి తెలీదు. ఇక్కడే బూస్టర్ పరీక్ష కూడా అయిపోతుంది. పెడల్ తొక్కి పట్టుకుని ఇంజిన్ స్టార్ట్ చేస్తే పెడల్ కొంచెం కిందికి దిగాలి. అది బూస్టర్ పనిచేస్తోందనడానికి గుర్తే తప్ప లోపం కాదు. బూస్టర్ పాడైతే పెడల్ రాయిలా గట్టిపడుతుంది కానీ మెత్తబడదు. మెత్తటి పెడల్‌కు బూస్టర్ మార్చమని ఎవరైనా అంటే ఒప్పుకోకండి.

కొద్దిపాటి ఖాళీకి అంత తేడా ఎందుకు?

పెడల్ అనేది మీట. చాలా కార్లలో పెడల్ 5 మి.మీ. కదిలితే మాస్టర్ సిలిండర్ (ఆయిల్‌ను పైపుల్లోకి నెట్టేది) పిస్టన్ సుమారు 1 మి.మీ. కదులుతుంది. 19 మి.మీ. బోర్ (లోపలి వ్యాసం) ఉన్న మాస్టర్ సిలిండర్‌ను తీసుకుంటే, పిస్టన్ 1 మి.మీ. కదిలితే బయటికి వెళ్ళే ఆయిల్ 0.28 సీసీ. ఇప్పుడు వెనక డ్రమ్ముల్లో షూలను బయటికి నెట్టే వీల్ సిలిండర్ బోర్ 17.5 మి.మీ. అనుకుందాం. రెండు చక్రాలకు కలిపి నాలుగు పిస్టన్లు. లైనర్లు (షూల మీద డ్రమ్ముకు రాసుకునే పొర) అరిగి ఒక్కో పిస్టన్ మామూలు కంటే 1 మి.మీ. ఎక్కువ జరగాల్సి వస్తే అదనంగా కావాల్సిన ఆయిల్ దాదాపు 1 సీసీ. అంటే మాస్టర్ పిస్టన్ మూడున్నర మి.మీ. ఎక్కువ కదలాలి, పెడల్ సుమారు 17 మి.మీ. కిందికి పోవాలి. పిస్టన్ల దగ్గర ఒక్క మిల్లీమీటరు ఖాళీకి కాలి కింద ముప్పావు అంగుళానికి దగ్గరగా పోయింది.

గాలి లెక్కా ఇంతే. గట్టిగా బ్రేకు వేసినప్పుడు పైపుల్లో ఒత్తిడి వాతావరణ పీడనానికి 60, 70 రెట్లు దాకా వెళ్తుంది. అక్కడ 1 సీసీ గాలి నలిగి ఉందా లేదా అన్నంత చిన్నదైపోతుంది. అంటే 1 సీసీ గాలికి కూడా పెడల్ అదే 17 మి.మీ. పోతుంది. దూరం ఒకటే, తీరు వేరు. లైనర్ల ఖాళీ అయితే 17 మి.మీ. ఏ బరువూ లేకుండా జారి, ఆపైన గట్టిగా ఆగుతుంది. గాలి అయితే తొక్కేకొద్దీ ఎదురు తంతూ పోతుంది. ఈ తేడా కాలికి తెలిస్తే సగం రోగనిర్ణయం అయినట్టే.

ఖాళీగా పోయే పెడల్

హ్యాండ్ బ్రేకుతో తేలిపోయే పరీక్ష ఒకటుంది. బండిని సమంగా ఉన్న చోట ఆపి, పెడల్ ఎంత లోతుకు పోతోందో చూసుకోండి. తర్వాత హ్యాండ్ బ్రేకును గట్టిగా లాగి మళ్ళీ తొక్కండి. ఈసారి పెడల్ బాగా పైనే ఆగిందంటే వెనక షూలు డ్రమ్ముకు దూరంగా ఉన్నాయి. హ్యాండ్ బ్రేకు కేబుల్ షూలను డ్రమ్ము దగ్గరికి తెచ్చింది కాబట్టి ఆయిల్ ఆ ఖాళీని నింపక్కర్లేకపోయింది. దీనికి ఎయిర్ ఎంత తీసినా లాభం లేదు, షూలు అడ్జస్ట్ చేయాలి. అయితే పాత జీపుల్లో చాలావాటికి హ్యాండ్ బ్రేకు వెనక చక్రాలకు కాక గేర్‌బాక్సు వెనక ప్రొపెల్లర్ షాఫ్టు మీద ఉంటుంది. వాటిలో ఈ పరీక్ష పనికిరాదు.

ఆటో అడ్జస్టర్ ఉన్న డ్రమ్ముల్లో ఆ రాట్చెట్టో, పళ్ళ చక్రమో తుప్పుతో, లైనర్ దుమ్ముతో బిగుసుకుపోవడం మామూలే. విప్పి శుభ్రం చేసి, మర కదిలేలా చేస్తే చాలు. జీపుల్లో ఆటో అడ్జస్టర్ ఉండదు. చక్రాన్ని జాకీ మీద లేపి, బ్యాక్ ప్లేటు వెనకున్న ఎక్సెంట్రిక్ బోల్టును షూ డ్రమ్ముకు రాసుకునేదాకా తిప్పి, చక్రం సాఫీగా తిరిగేదాకా వెనక్కి వదలాలి. రెండు షూలకూ, నాలుగు చక్రాలకూ ఇదే పని. కేబుల్‌ను బిగించి ఇది అడ్జస్ట్‌మెంటేనని అనిపించేవాళ్ళున్నారు. అలా చేస్తే హ్యాండ్ బ్రేకు మాత్రమే పైకొస్తుంది. షూలు అసలు స్థానానికి రాకుండా కేబుల్ లాగి పట్టుకోవడంతో ఆటో అడ్జస్టర్ కూడా పనిచేయడం మానేస్తుంది. ముందు షూలు, ఆ తర్వాతే కేబుల్.

డిస్కు బ్రేకుల వైపు కూడా ఇలాంటిదే ఒకటుంది. గతుకుల్లో వెళ్ళాక మొదటిసారి తొక్కితే పెడల్ లోతుకు పోతుంది, వెంటనే రెండోసారి తొక్కితే మామూలుగా ఉంటుంది. ముందు చక్రం బేరింగు లూజైనా, డిస్కు వంకరగా తిరుగుతున్నా ప్యాడ్లను (డిస్కును పట్టుకునే ముక్కలను) వెనక్కి నెట్టేస్తాయి. చక్రాన్ని లేపి పైనా కిందా పట్టుకుని ఊపి చూడండి. డిస్కు వంకరను డయల్ గేజితో కొలిస్తే 0.1 మి.మీ. దాటకుండా ఉండటం మంచిది. షెడ్డులో నిలబెట్టి చూస్తే ఈ లోపం దొరకదు, బండి నడిపి చూడాలి.

ఇంకో కారణం, పెడల్‌కూ మాస్టర్ సిలిండర్‌కూ మధ్య ఉన్న పుష్ రాడ్. రాడ్ పొట్టిదైతే ఆ ఖాళీ అంతా పెడల్‌లో కనిపిస్తుంది. దాన్ని మరీ బిగిస్తే ఇంకా ప్రమాదం. పిస్టన్ పూర్తిగా వెనక్కి రాదు. డబ్బాలోకి ఆయిల్ తిరిగిపోయే సన్నని రంధ్రం మూసుకుపోతుంది. చక్రాలు వేడెక్కి, ఆయిల్ వ్యాకోచించి, బ్రేకులు వాటంతటవే పట్టేస్తాయి. పెడల్‌లో కొద్దిగా ఫ్రీ ప్లే ఉండి తీరాలి.

స్ప్రింగులా పోయే పెడల్

గాలి ఉందో లేదో పైపు విప్పకుండానే చూడొచ్చు. బ్రేక్ ఆయిల్ డబ్బా మూత తీసి, ఒకరిని పెడల్ మీద పది ఇరవై సార్లు గబగబా పంపు కొట్టి, తొక్కి పట్టుకోమనండి. మీరు డబ్బాలోకి చూస్తుండగా కాలు ఒక్కసారిగా వదిలేయమనండి. ముఖం మరీ దగ్గరగా పెట్టకండి, కళ్ళద్దాలు ఉంటే మేలు. గాలి ఉంటే, నలిగిన బుడగ ఒక్కసారిగా విప్పారి ఆయిల్‌ను వెనక్కి తంతుంది. డబ్బాలో ఆయిల్ ఊటలా ఉబికి లేస్తుంది. డబ్బాలో రెండు గదులుంటే ఏ గది ఉబికిందో చూడండి. గాలి ఆ గదికి చెందిన పైపుల్లో, అంటే ఆ సర్క్యూట్‌లో ఉంది.

గాలి లేకపోయినా పెడల్ స్ప్రింగులా ఉంటే, లోహమో రబ్బరో వంగుతోందన్నమాట. మన దగ్గర దీనికి ఎక్కువగా కనిపించే కారణం షూలకు కొత్త లైనింగ్ కొట్టించడం. డ్రమ్మును లేతు మీద కటింగ్ పెట్టిస్తే వ్యాసం పెరుగుతుంది. దానిలోకి మామూలు వంపున్న లైనర్లు వేస్తే నడిమి భాగమే డ్రమ్మును తాకుతుంది, రెండు కొసలూ తేలి ఉంటాయి. గట్టిగా తొక్కినప్పుడు షూ వంగి కొసలు కూడా తాకుతాయి. ఆ వంగడమే కాలికి స్పాంజిలా తెలుస్తుంది. దీన్ని పట్టుకోవడానికి సుద్దముక్క చాలు. డ్రమ్ము లోపలంతా సుద్ద రాసి, బిగించి, బ్రేకును మెల్లగా తొక్కుతూ చక్రాన్ని ఒకటి రెండు చుట్లు తిప్పి, డ్రమ్ము తీయండి. సుద్ద లైనర్ మధ్యలోనే అంటి కొసలు నల్లగా ఉంటే వంపు కుదరలేదు. లైనర్‌ను డ్రమ్ముకు తగ్గట్టు రుద్దించాలి. డ్రమ్ము మీద పోతపోసిన గరిష్ఠ వ్యాసం దాటిపోయి ఉంటే మాత్రం డ్రమ్మే మార్చాలి.

క్యాలిపర్ (ప్యాడ్లను డిస్కు మీద నొక్కేది) స్లైడ్ పిన్నులు బిగుసుకుపోయి ప్యాడ్ ఏటవాలుగా అరిగినా ఇదే అనుభూతి. పాతబడ్డ రబ్బరు హోసులు తొక్కినప్పుడల్లా ఉబ్బినా ఇంతే. ఒకరు తొక్కుతుండగా హోసును చేత్తో పట్టుకుంటే ఉబ్బు తెలుస్తుంది. పైపొర పగుళ్ళిచ్చిన హోసును పరీక్షించేదేమీ లేదు, మార్చేయడమే.

ఎన్నిసార్లు తీసినా గాలి మిగిలిపోతుంటే బ్లీడర్ నిపుల్ (గాలి వదిలే మర) ఎక్కడుందో చూడండి. అది క్యాలిపర్‌లో అన్నిటికంటే పైన ఉండాలి. విప్పినప్పుడు కుడి క్యాలిపర్ ఎడమకూ, ఎడమది కుడికీ మారితే నిపుల్ కిందికి వస్తుంది. గాలి పైనే ఉండిపోతుంది. ఎన్ని సీసాల ఆయిల్ పోసినా రాదు.

ఇక పైకి చుక్క కారకుండానే గాలి లోపలికి వెళ్ళే దారి ఒకటుంది. పెడల్‌ను చటుక్కున వదిలినప్పుడు పైపుల్లో ఒక్క క్షణం పీల్పు పుడుతుంది. వీల్ సిలిండర్ బకెట్ వాషర్ల (ఆయిల్‌ను ఆపే గిన్నె లాంటి రబ్బర్ల) అంచులు గట్టిపడి ఉంటే ఆ క్షణంలో గాలిని లోపలికి రానిస్తాయి. అలా జరగకూడదనే పాత నాలుగు డ్రమ్ముల బండ్లలో మాస్టర్ సిలిండర్ చివర ఒక చెక్ వాల్వు పెట్టి, కాలు తీసినా కొద్దిపాటి ఒత్తిడి నిలిచేలా చేశారు. రబ్బరు కిట్ వేసేటప్పుడు ఆ చిన్న వాల్వు పారేస్తే, ఆ బండికి ఎప్పుడు ఎయిర్ తీసినా నాలుగు రోజులే. మాస్టర్ సిలిండర్ ఫ్లోరు కింద ఉండే జీపుల్లో ఇది మరీ ముఖ్యం.

మెల్లగా దిగిపోయే పెడల్

దీన్ని గట్టిగా తొక్కి పరీక్షిస్తే దొరకకపోవచ్చు. ఒత్తిడి ఎక్కువైతే మాస్టర్ సిలిండర్ వాషర్ అంచు గోడకు గట్టిగా అతుక్కుని ఆయిల్‌ను ఆపేస్తుంది. సిగ్నల్ దగ్గర కాలు ఊరికే ఆనించినంత బరువుతో, అరనిమిషం పాటు పట్టుకోండి. అప్పుడు దిగితే, బయట ఎక్కడా తడి లేకపోతే, డబ్బాలో ఆయిల్ తగ్గకపోతే, మాస్టర్ సిలిండర్ లోపల ఆయిల్ వాషర్ పక్కనుంచి వెనక్కి జారుతోంది.

ఆయిల్ తగ్గుతుంటే బయటికి పోతోంది. ఒక్కో వీల్ సిలిండర్ రబ్బరు బూటు అంచును ఎత్తి చూడండి. లోపల పొడిగా ఉండాలి, ఆయిల్ ఒలికితే అది పోయినట్టే. చక్రాలన్నీ పొడిగా ఉండి కూడా ఆయిల్ తగ్గుతుంటే మాస్టర్ సిలిండర్‌ను బూస్టర్ నుంచి విప్పి వెనక చూడండి. వెనక సీలు పోతే ఆయిల్ బూస్టర్‌లోకి కారుతుంది, అక్కడ్నుంచి ఇంజిన్ పీల్చుకుంటుంది. సైలెన్సర్‌లోంచి తెల్లటి పొగ వస్తుంది.

లోపం ఏ మూల ఉందో తేల్చడానికి హోసులను ఒక్కొక్కటిగా నొక్కి పట్టడం మంచి పద్ధతి. గుండ్రటి దవడలున్న హోస్ క్లాంపే వాడాలి. పళ్ళున్న ప్లయర్‌తో నొక్కితే లోపలి పొర చిట్లుతుంది. పాతబడి గట్టిపడ్డ హోసుకు క్లాంపు కూడా వేయకండి. అన్ని హోసులూ నొక్కాక పెడల్ గట్టిగా పైనే నిలిస్తే మాస్టర్ సిలిండర్ బాగున్నట్టు. తర్వాత ఒక్కో క్లాంపు తీస్తూ తొక్కండి. ఏది తీస్తే పెడల్ పడిపోయిందో ఆ హోసు ఆయిల్ అందించే చక్రం వైపే లోపం. అన్నీ నొక్కినా దిగుతుంటే, మాస్టర్ సిలిండర్ పైపులు విప్పి, ఆ రంధ్రాలకు సరిపోయే మరలున్న ప్లగ్గులు బిగించి మళ్ళీ తొక్కండి. అప్పటికీ దిగితే ఇంక అనుమానం లేదు.

రబ్బరు కిట్ వేయాలా, సిలిండర్ మొత్తం (అసెంబ్లీ) మార్చాలా అన్నది బోర్ చెబుతుంది. తుడిచి వెలుతురులో చూడండి. గోడ మీద వేలిగోరుకు తగిలే గుంటలుంటే కొత్త వాషర్లు కూడా త్వరలోనే చిరుగుతాయి. బోర్ అద్దంలా ఉంటేనే కిట్. బ్రేకు విషయంలో కిట్‌తో మిగిలే డబ్బుకు ఆశపడటం నా దృష్టిలో సరికాదు.

ఆయిల్ గురించి

మామూలు బ్రేక్ ఆయిల్ గాల్లోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగదు, 3.7 శాతం నీరు చేరాక ఆ హద్దు 140కి పడిపోతుంది. డాట్ 4కు ఈ అంకెలు 230, 155. కోస్తాలో ఉక్కపోతకు ఏళ్ళ తరబడి మార్చని ఆయిల్ ఊళ్ళో బాగానే పనిచేస్తుంది. తిరుమల నుంచో, శ్రీశైలం నుంచో ఘాట్ దిగేటప్పుడు మాత్రం క్యాలిపర్ వేడికి అది మరిగి ఆవిరి బుడగలు పుడతాయి, పెడల్ చటుక్కున నేలకు పోతుంది. అరగంట ఆపితే బుడగలు కరిగి పెడల్ మళ్ళీ పైకొస్తుంది. కింద షెడ్డులో ఎంత వెతికినా ఏమీ దొరకదు. ఘాట్‌లోనే పోయి చల్లారాక తిరిగొచ్చే పెడల్‌కు మందు కొత్త ఆయిల్, దిగేటప్పుడు రెండో గేరు. రెండేళ్ళకోసారి ఆయిల్ మొత్తం మార్చాలి. చిన్న కారుకు ఒక లీటరు సరిపోతుంది. ఎప్పుడో మూత తీసి పెట్టిన సీసా, బ్లీడింగులో వచ్చిన ఆయిల్ మళ్ళీ పోయకండి.

ఇంజిన్ ఆయిలో, స్టీరింగ్ ఆయిలో ఎవరైనా పొరపాటున పోస్తే సంగతి వేరు. డబ్బా మూతలోని రబ్బరు ఉబ్బి వంకర తిరిగి ఉంటే అనుమానించండి. గ్లాసు నీళ్ళలో కొన్ని చుక్కలు వేసి కలపండి. మామూలు బ్రేక్ ఆయిల్ నీళ్ళలో కలిసిపోతుంది, మినరల్ ఆయిల్ పైన తేలుతుంది. తేలితే ఎయిర్ తీయడంతో అయ్యే పని కాదు. బకెట్ వాషర్లు, క్యాలిపర్ సీళ్ళు, హోసులు, అన్ని రబ్బర్లూ మార్చి, స్టీలు పైపులు కడగాలి. ఇదే కారణంగా వాషర్లను పెట్రోలుతోనో కిరోసిన్‌తోనో కడగకూడదు, బ్రేక్ ఆయిల్‌తోనే కడగాలి.

అన్నీ సరిచేశాక ఎయిర్ తీయడం

మాస్టర్ సిలిండర్ కొత్తదైతే బండికి బిగించే ముందే వైస్‌లో పట్టి, రెండు రంధ్రాల నుంచి ట్యూబులు డబ్బాలోకి తిప్పి, పిస్టన్‌ను మెల్లగా నొక్కుతూ బుడగలు ఆగేదాకా ఎయిర్ తీయాలి. ఈ పని మానేస్తే అందులో చిక్కిన గాలి చక్రాల దగ్గర తీస్తే తేలికగా రాదు.

చక్రాల వరస సాధారణంగా మాస్టర్ సిలిండర్‌కు అన్నిటికంటే దూరంగా ఉన్నదాంతో మొదలవుతుంది. మన కుడి స్టీరింగ్ బండ్లలో వెనక ఎడమ, వెనక కుడి, ముందు ఎడమ, ముందు కుడి. సర్క్యూట్లు ఐమూలగా ఉన్న బండికి మాన్యువల్ చెప్పిన వరసే పాటించాలి. వెనక యాక్సిల్‌కు లోడ్ సెన్సింగ్ వాల్వు ఉన్న బండిని జాకీ మీద వేలాడదీస్తే, ఆ వాల్వు బండి ఖాళీగా ఉందనుకుని వెనక్కి ఆయిల్‌ను తగ్గించేస్తుంది. బరువు చక్రాల మీదే ఉంచండి.

నిపుల్‌కు పారదర్శక ట్యూబు తొడిగి, రెండో కొసను కొంచెం ఆయిల్ ఉన్న సీసాలో ముంచండి. తొక్కడం మెల్లగా ఉండాలి. నిపుల్ బిగించాకే కాలు పైకి తీయాలి. డబ్బా సగానికి తగ్గకుండా చూసుకోవాలి. పాత మాస్టర్ సిలిండర్ ఉంటే పెడల్ కింద రెండంగుళాల చెక్కముక్క పెట్టండి. రోజూ పిస్టన్ తిరిగే మేర గోడ నున్నగా ఉంటుంది, ఆ పైన తుప్పు ఉంటుంది. పెడల్‌ను నేలదాకా తొక్కితే వాషర్ ఆ తుప్పులోకి వెళ్ళి చిరుగుతుంది. బాగున్న మాస్టర్ సిలిండర్ బ్లీడింగ్ రోజునే పోవడానికి చాలాసార్లు కారణం ఇదే.

డ్రమ్ము దుమ్మును గాలితో ఊదకండి, పాత లైనర్లలో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు, తడిపి తుడవండి. రంగు మీద ఆయిల్ పడితే వెంటనే నీళ్ళతో కడగాలి, లేకపోతే పెయింటు లేచిపోతుంది.

పని అయ్యాక ఇంజిన్ ఆన్‌లో ఉంచి ఒక నిమిషం బలంగా తొక్కి పట్టుకుని, ఎవరైనా కింద ప్రతి జాయింటూ చూడాలి. రోడ్డెక్కే ముందు ఖాళీ జాగాలో నడక వేగంలో నాలుగైదు సార్లు ఆపి చూడండి. డబ్బా మీద ఆయిల్ స్థాయిని పెన్నుతో గీసి పెట్టుకుని, మర్నాడు పొద్దున్న, మళ్ళీ వారానికి చూడండి. గీత దగ్గరే ఉంటే సరే. కిందికి దిగితే దారి ఇంకా తెరిచే ఉంది, బండి తీయకుండా మళ్ళీ వీల్ సిలిండర్ బూట్ల దగ్గర్నుంచి వెతకాలి.